మానసిక ఆరోగ్య చట్టం – మారిన సామాజిక కార్యకర్త పాత్ర

1994 వేసవిలో ఒక మానసిక వైద్యశాల కార్యాలయంలో కూర్చుని నేనొక దరఖాస్తు మీద సంతకం చేశాను. దరఖాస్తుదారుకు రోగితో గల సంబంధం ఏమిటన్న చోట ‘బంధువు / స్నేహితుడు’ అని ఉన్నది. మొదటి మాట కొట్టివేసి రెండవది ఉంచాను. రోగి మా మెయింటెనెన్స్ విభాగంలో ఫిట్టరు. వయసులో నాకంటె పదేళ్ళు పెద్ద, పనిలో అంతకంటె పెద్ద. పంపుకూ మోటారుకూ మధ్య అలైన్‌మెంట్ చూడవలసి వచ్చినప్పుడు ఇంజనీర్లమైన మేము పక్కకు తప్పుకుని డయల్ గేజ్ ఆయన చేతికే ఇచ్చేవాళ్ళం.

ఆ ఏడాది ఉగాది దాటిన నాటి నుంచి ఆయనకు నిద్ర కరవైనది. టౌన్‌షిప్ నీళ్ళలో ఎవరో విషం కలుపుతున్నారన్న భయం పట్టుకున్నది. రాత్రివేళ లేచి వెళ్ళి, తనకు బాగా తెలిసిన విద్య గనుక, మూడు వీధులకు నీరు పోయే వాల్వును మూసివేసి వచ్చేవారు. తెల్లవారేసరికి కొళాయిల దగ్గర ఖాళీ బిందెలు, కేకలు. నాలుగవసారి సెక్యూరిటీవారు పట్టుకున్నారు. “మీ పిల్లలను కాపాడుతుంటే నన్నే పట్టుకుంటారేమిటి?” అని వారిని నిలదీశారట. ఆ మాటలో కపటం లేదు. ఆయన దృష్టిలో అది డ్యూటీ.

ఆయన భార్య నన్ను “అన్నయ్యా” అని పిలిచేది. దరఖాస్తు మీద ఆవిడ చేత సంతకం పెట్టించాలని కలం ఇస్తే చేయి ఆడలేదు. “రేపు ఆయన నన్నడిగితే ఏం చెప్పను? మీరే పెట్టండి అన్నయ్యా” అన్నది. అందువలన నేను స్నేహితుడనయ్యాను. ఉదయం కంపెనీ జీపు ఎక్కించేటప్పుడు “బీపీ చూపించుకుని వద్దాం రండి” అని ఆయనతో చెప్పినది కూడా నేనే. జీపు ఆసుపత్రి గేటులోకి తిరిగినప్పుడు ఆయన నా వైపు చూసి, “బీపీకి ఇంత దూరమా సార్?” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం సందర్భంగా ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చినది ఆ దరఖాస్తులోని గడి. నేను వైద్యుడను కాను, న్యాయవాదిని అసలే కాను. అయినా ఈ మూడు దశాబ్దాలలో మన దేశంలో ఆ గడిని నింపే హక్కు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారినదో, ఆ మార్పులో సామాజిక కార్యకర్త అనే ఉద్యోగి ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చి నిలబడినాడో ఓపికగా చదివి తెలుసుకున్నాను. మన ఉద్యోగ సోదరులకు, వారి కుటుంబాలకు ఉపయోగపడగలదన్న ఆశతో వ్రాస్తున్నాను.

ముందుగా పేరును గురించి ఒక మాట. సామాజిక కార్యకర్త అనగానే మనకు దుప్పట్లు పంచేవారు, రక్తదాన శిబిరాలు నడిపేవారు కళ్ళ ముందు మెదులుతారు. వారి సేవ వారిది. ఇక్కడ చెప్పబోయేది మానసిక వైద్య బృందంలో జీతం తీసుకుని, శిక్షణ పొంది పనిచేసే వృత్తి నిపుణుని గురించి. ఇంగ్లీషులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటారు. మన ఆసుపత్రులలో అందరూ “సోషల్ వర్కర్ మేడమ్” అనే పిలుస్తారు గనుక నేనూ ఆ మాటే వాడుతాను.

మానసిక రోగులకు సంబంధించి 1912లో వచ్చిన భారత లూనసీ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా నాలుగు దశాబ్దాలకు పైగా మనలను పాలించినది. రోగి అన్న మాటకు బదులు అందులో ‘లూనటిక్’, ఆసుపత్రికి బదులు ‘అసైలం’. ప్రతి అసైలమునకు కనీసం ముగ్గురు సందర్శకులను నియమించాలని, వారిలో ఒకరైనా వైద్యాధికారి కావాలని ఆ చట్టం చెప్పినది. అంతవరకు బాగానే ఉన్నది. అయితే జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ మాత్రం ఎవరూ నియమించనవసరం లేకుండా హోదా రీత్యానే సందర్శకుడు. ఆ భవనాలను ప్రభుత్వం ఏ జాబితాలో వ్రాసుకున్నదో తెలియడానికి ఈ ఒక్క ఏర్పాటు చాలు. మనవారి వాడుక కూడా దానికి తగినట్లే ఉండేది. ఎర్రగడ్డ అన్నది హైదరాబాదులో ఒక పేట పేరు అని తెలియని ఊళ్ళలో కూడా “వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి” అన్న ఎగతాళి తెలుసు.

సోషల్ వర్కర్ ఆ చట్టంలో ఎక్కడా లేడు. కాని చట్టానికి వెలుపల ఆ వృత్తి పుట్టినది. బొంబాయిలో 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ పాఠశాల మొదలైనది. తరువాత అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయినది. ఆ మరుసటి సంవత్సరమే దాని పిల్లల మార్గదర్శక క్లినిక్‌లో సోషల్ వర్కర్ పని ప్రారంభమైనది. తరువాత బెంగుళూరులో నేడు నిమ్హాన్స్‌గా ప్రసిద్ధమైన సంస్థ ఈ విద్యకు పెద్ద కేంద్రమైనది.

ఆ తొలి దశాబ్దాలలో వీరి పని చాలా వరకు సమాచార సేకరణ. రోగి ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నదా, కట్నం తగాదాలున్నవా, ఇవన్నీ అడిగి కేస్ హిస్టరీ వ్రాసి డాక్టరు బల్ల మీద పెట్టడం. మన భాషలో చెప్పాలంటే లాగ్‌బుక్ రీడింగులు తీసుకునే పని. నిర్ణయం డాక్టరుది, కుటుంబానిది, అవసరమైతే మేజిస్ట్రేటుది. దీనికి భిన్నంగా ఆలోచించినవారు అప్పుడు కూడా లేకపోలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ అనే వైద్యుడు రోగుల బంధువులను ఆవరణలోనే డేరాలు వేసి ఉండనిచ్చారు. తమవారు కోలుకోవడం కళ్ళారా చూసిన బంధువులు వారిని తమ వెంట ఇంటికి తీసుకుని వెళ్ళారు. ఇంటివారిని దూరంగా ఉంచి చేసే చికిత్సకంటె దగ్గర ఉంచి చేసేది మేలన్న విషయం ఆ డేరాలలో తేలినది. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య నడిచే మనిషి అవసరం కూడా అక్కడే తేలవలసి ఉన్నది. దానికి ఇంకా చాలా కాలం పట్టినది.

1987లో పార్లమెంటు మానసిక ఆరోగ్య చట్టం చేసినది. అమలులోకి వచ్చినది 1993 ఏప్రిల్ 1న. మా ఫిట్టరును తీసుకుని వెళ్ళేనాటికి ఆ చట్టానికి ఏడాది వయసు. లూనటిక్ పోయి మానసిక రోగి వచ్చాడు. అసైలం పోయి మానసిక వైద్యశాల వచ్చినది. రోగి తనంతట తాను చేరవచ్చును. చేరనంటే, లేదా చెప్పే స్థితిలో లేకపోతే, బంధువు గాని స్నేహితుడు గాని దరఖాస్తు చేయవచ్చును. రెండు వైద్య ధ్రువపత్రాలు జతచేయాలి, అందులో ఒకటి ప్రభుత్వ వైద్యునిది కావాలి. ఆ విధంగా 90 రోజుల వరకు ఉంచవచ్చును. ఇదిగాక మేజిస్ట్రేటు ఉత్తర్వు మార్గం ఎలాగూ ఉన్నది. మేము మొదటి ధ్రువపత్రం కంపెనీ డాక్టరు దగ్గర, రెండవది ప్రభుత్వ ఆసుపత్రిలో తీసుకున్నాము. రెండు కాగితాలకూ కలిపి ఒక పూట పట్టినది. మా స్టోర్స్ నుంచి ఒక బేరింగ్ విడిపించడానికి అంతకంటె ఎక్కువ సంతకాలు కావలసి వచ్చేవి.

ఈ చట్టంలో సోషల్ వర్కర్ మొదటిసారి కనబడినాడు. ఎక్కడ? సందర్శకుల జాబితాలో. ప్రతి వైద్యశాలకు ఐదుగురికి తక్కువ కాకుండా సందర్శకులు ఉండాలి, వారిలో ఒక వైద్యాధికారి, ఇద్దరు సోషల్ వర్కర్లు. కనీసం ముగ్గురు కలిసి నెలకు ఒకసారైనా తనిఖీ చేయాలి. జైళ్ళ అధికారి కూర్చున్న కుర్చీలో సోషల్ వర్కర్ కూర్చోవడం చిన్న విషయం కాదు. కాని గమనించండి, ఇది బయటి నుంచి వచ్చి చూసి వెళ్ళే పాత్ర. రోగి పక్కన నిలబడి పనిచేసే సోషల్ వర్కర్‌కు చట్టం ఏ అధికారమూ ఇవ్వలేదు, ఏ బాధ్యతా అప్పగించలేదు. ఆ పని చేసినవారంతా మనసు ఉండి చేశారు.

అటువంటి ఒకరు మా ఫ్యాక్టరీకి వచ్చారు. ఆయన ఆసుపత్రిలో చేరిన నాలుగవ వారమనుకుంటాను, మధ్యాహ్నం టైం ఆఫీసు నుంచి ఫోన్. ఎవరో ఆడమనిషి, ఆసుపత్రి నుంచి, నన్ను చూడాలంటున్నదట. వెళ్ళి చూస్తే పాతికేళ్ళ అమ్మాయి, భుజాన గుడ్డ సంచి, చేతిలో ఫైలు. రెండు బస్సులు మారి వచ్చినది. జీతం వివరాలకో, మెడికల్ బిల్లులకో వచ్చినదనుకుని పర్సనల్ డిపార్ట్‌మెంటు దారి చూపబోయాను.

“కాదండీ, మీరు ఆయన స్నేహితులని ఫైల్లో ఉంది. అందుకని మీ దగ్గరికే వచ్చాను” అన్నది.

ఆమె అడిగిన ప్రశ్నలు నేను ఊహించినవి కావు. ఆయన ఏ షిఫ్టులో ఎన్ని రాత్రులు పనిచేస్తారు? టిఫిన్ ఎవరితో కలిసి తింటారు? వాల్వు సంగతి ఫ్యాక్టరీలో ఎంతమందికి తెలుసు? తిరిగి వచ్చిననాడు ఎవరు ఏమని పలకరిస్తారు? అన్నిటికంటె ముఖ్యంగా, నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది, రాత్రి షిఫ్టు లేని పని ఏదైనా ఉన్నదా? తిరిగే యంత్రాల దగ్గర ఆయనను పెట్టలేమని నేను భద్రతా నియమాలు వల్లించాను. ఆమె ఓపికగా విని, “అయితే తిరగని యంత్రాలేమున్నాయో చూపించండి సార్” అన్నది.

చూపించాను. గేజీలు, కొలత పరికరాలు సరిచూసే గది ఒకటి ఉన్నది. జనరల్ షిఫ్టు, నిశ్శబ్దం, సూక్ష్మమైన పని. ఆమె మా వెల్ఫేర్ ఆఫీసరును కలిసినది. 500 మంది లేదా అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అప్పట్లో చెప్పేది, ఆయన కూడా సోషల్ వర్క్ చదివి వచ్చినవాడే. ఇద్దరూ ఒకే విద్య చదివినవారు గనుక ఒక భాష మాట్లాడుకున్నారు. నేను పక్కన కూర్చుని విన్నాను. ఏడు వారాల తరువాత ఆయన డిశ్చార్జి అయ్యారు. ఆ గదిలో 2018లో రిటైరయ్యేవరకు పనిచేశారు. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టినది. రెండవసారి తనే నా దగ్గరకు వచ్చి “మళ్ళీ మొదలయింది సార్, మందు మార్చాలేమో” అన్నారు.

ఆ అమ్మాయి ఆనాడు బస్సు ఎక్కకపోయినా ఆమెను ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఏ చట్టంలోనూ ఆమె రావాలని లేదు. ఆమె రాకపోయి ఉంటే ఏమయ్యేదన్నది నాకు బాగా తెలుసు. అన్‌ఫిట్ అన్న ముద్ర, క్వార్టరు ఖాళీ చేయమన్న నోటీసు.

కొత్త చట్టం ఎందుకు కావలసి వచ్చినదో చెప్పే సంఘటనలు అనేకం. నేరం చేయని మానసిక రోగులను జైళ్ళలో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1993లో షీలా బర్సే కేసులో చెప్పవలసి వచ్చినది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1999లో దేశంలోని మానసిక వైద్యశాలల స్థితిగతులపై నివేదిక వెలువరించినది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా పరిసరాలలోని ఒక ప్రైవేటు వసతి గృహంలో మంటలు రేగినవి. అక్కడి రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. 28 మంది మరణించారు. ఆనాడు పత్రికలలో ఆ వార్త చదివి వారి కుటుంబాలను తిట్టినవారిని చాలామందిని చూశాను. నేను తిట్టలేకపోయాను. వారిలో అనేకమంది నమ్మకంతో అక్కడకు తెచ్చినవారే, ఇంటి దగ్గర ఎవరూ సాయానికి రాకపోతే తెచ్చినవారే. నేను కూడా ఒకరిని అబద్ధం చెప్పి జీపు ఎక్కించినవాడినే. నాకు దొరికినది మంచి ఆసుపత్రి, వారికి దొరికినది ఆ గృహం. తేడా అంతవరకే.

2007లో వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం ఆమోదించినది. దానికి అనుగుణంగా చట్టాన్ని తిరగవ్రాయక తప్పలేదు. ఆ విధంగా వచ్చినదే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది.

ఈ చట్టం ఎక్కడ నుంచి మొదలవుతుందో చూడండి. ప్రతి మనిషికీ, మానసిక రోగికి సైతం, తన చికిత్స గురించి తాను నిర్ణయించుకునే శక్తి ఉన్నదని మొదట అనుకోవాలి. లేదని చెప్పేవారు కారణం చూపాలి. మన ప్లాంటులో షట్‌డౌన్ పర్మిట్ తీసుకున్నప్పుడు పనిచేసే మనిషి స్విచ్చి మీద తన తాళం తాను వేసుకుంటాడు. ఆ తాళం తీసే హక్కు ఎంత పెద్ద అధికారికీ లేదు, వేసినవాడే తీయాలి. చట్టం రోగి చేతికి ఇచ్చినది అటువంటి తాళమే. దానికి రెండు రూపాలు. ఒకటి ముందస్తు ఆదేశపత్రం. మైనారిటీ తీరిన ఎవరైనా, గతంలో జబ్బు వచ్చినా రాకున్నా, తనకు నిర్ణయించుకునే శక్తి లేని స్థితి వస్తే ఎటువంటి చికిత్స చేయవలెనో, ఏది చేయరాదో ముందుగా వ్రాసి ఉంచవచ్చును. డాక్టరుకు గాని బంధువులకు గాని దానిని పాటించడం ఇష్టం లేకపోతే సమీక్షా మండలికి వెళ్ళి ఒప్పించాలి. అత్యవసర చికిత్సకు మాత్రం అది వర్తించదు. రెండవది నియుక్త ప్రతినిధి. తెల్లకాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి, నా తరఫున మాట్లాడవలసినది ఫలానావారు అని రోగి తానే వ్రాయవచ్చును. రోగి ఇష్టం లేకుండా చేర్చుకోవలసి వచ్చినప్పుడు దరఖాస్తు చేయవలసినది ఆ ప్రతినిధి. ఎవరినీ వ్రాయకపోతే క్రమం ప్రకారం బంధువు, సంరక్షకుడు, తరువాత మండలి నియమించినవారు. ఎవరూ లేని అనాథ విషయంలో సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు గాని, ఆయన తరఫు మనిషి గాని. ‘స్నేహితుడు’ అన్న గడి పోయినది. ఎవరు స్నేహితుడో ఇప్పుడు రోగి చెప్పాలి.

ఈ మార్పులన్నిటిలో సోషల్ వర్కర్ స్థానం తలక్రిందులైనది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో చట్టమే నిర్వచించినది. సోషల్ వర్క్‌లో పోస్టుగ్రాడ్యుయేట్ పట్టం, దానిపైన రెండు సంవత్సరాల ఎం.ఫిల్. శిక్షణ ఉండాలి. రాష్ట్ర ప్రాధికార సంస్థ వద్ద పేరు నమోదు చేసుకోవాలి. అలా నమోదైనవారు మానసిక ఆరోగ్య నిపుణులుగా పరిగణింపబడతారు. దీని ఫలితం చిన్నది కాదు. రోగిని మద్దతుతో కూడిన ప్రవేశం క్రింద, అంటే తానుగా ఒప్పుకోలేని స్థితిలో చేర్చుకోవాలంటే ఇద్దరు విడివిడిగా పరీక్షించి ఒకే అభిప్రాయానికి రావాలి. ఒకరు మానసిక వైద్యుడు. రెండవవారు మరొక వైద్యుడు కావచ్చును, లేదా నమోదైన మానసిక ఆరోగ్య నిపుణుడు కావచ్చును. అంటే సోషల్ వర్కర్ కావచ్చును. ఒకప్పుడు కేస్ హిస్టరీ వ్రాసి డాక్టరు బల్ల మీద పెట్టిన మనిషికి నేడు “అవసరం లేదు, ఇంటి దగ్గరే చూసుకోవచ్చును” అని చెప్పే హక్కు వచ్చినది. ఆమె ఆ మాట అంటే ప్రవేశం ఆగుతుంది. రాష్ట్ర ప్రాధికార సంస్థలో కూడా 15 ఏళ్ళ అనుభవం గల సోషల్ వర్కర్ ఒకరు సభ్యులుగా ఉండాలి.

అటువంటి ప్రవేశం 30 రోజుల వరకే. మహిళలు, మైనర్ల విషయంలో మూడు రోజులలో, ఇతరుల విషయంలో ఏడు రోజులలో సమీక్షా మండలికి తెలియజేయాలి. మండలికి జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షుడు. కలెక్టరు ప్రతినిధి, ఇద్దరు వైద్యులు ఉంటారు. వీరితోపాటు మరో ఇద్దరు సభ్యులను మానసిక రోగం అనుభవించినవారి నుంచి గాని, సంరక్షకుల నుంచి గాని, ఈ రంగంలో పనిచేసే సంస్థల నుంచి గాని తీసుకోవాలి. జైళ్ళ ఐ.జి. కుర్చీ చివరకు రోగికి కూడా చేరినదన్నమాట.

నన్ను మిక్కిలి ఆకర్షించినది మరొక నిబంధన. కుటుంబం లేదన్న కారణంతో, కుటుంబం ఒప్పుకోలేదన్న కారణంతో, ఇల్లు లేదన్న కారణంతో ఎవరినీ వైద్యశాలలో కొనసాగించరాదు. సమాజంలో బ్రతికే హక్కు వారికి ఉన్నది. డిశ్చార్జికి ముందు రోగితో, ప్రతినిధితో, ఇంటివారితో మాట్లాడి తదుపరి చికిత్సకు ప్రణాళిక వేయాలి. చట్టం ఈ బాధ్యతను మానసిక వైద్యుని మీద పెట్టినది. కాని ఉత్తరాలు వ్రాసేది, ఊరు వెతికేది, అన్నదమ్ములను ఒప్పించేది, పెన్షన్ కాగితాలు కదిలించేది ఎవరు? రెండు బస్సులు మారి వచ్చిన ఆ అమ్మాయి చేసిన పని ఇప్పుడు దయ కాదు, రోగి హక్కుకు చెల్లించవలసిన బాకీ. రోడ్ల మీద తిరిగే రోగి కనబడితే పోలీసులు 24 గంటలలో సమీపంలోని ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి, లాకప్‌లో పెట్టరాదు. ఇల్లు లేనివారైతే తప్పిపోయినవారిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. ఏ రూపంలోనైనా గొలుసు వేయడం నిషిద్ధం. ఎర్వాడి జ్ఞాపకం ఈ వాక్యం వెనుక ఉన్నదని నేను అనుకుంటాను.

ఇంతవరకు చట్టాన్ని మెచ్చుకున్నాను. నాకు సందేహాలు లేవని అనుకోవద్దు.

మొదటిది, ఒకే మనిషికి రెండు టోపీలు. ఇంటికి వచ్చి అక్కలాగా మాట్లాడిన సోషల్ వర్కరే రేపు ప్రవేశ పత్రం మీద రెండవ సంతకం పెడితే రోగికి ఆమె మీద నమ్మకం నిలుస్తుందా? ఇంగ్లండులో ఈ చిక్కును చాలాకాలం నుంచి చూస్తున్నారు. అక్కడ 1983 చట్టం ప్రత్యేక శిక్షణ పొందిన సోషల్ వర్కర్‌కు రోగిని చేర్చమని తానే దరఖాస్తు చేసే అధికారం ఇచ్చినది. డాక్టరు సిఫారసు చేసినా ఆమె స్వతంత్రంగా ఆలోచించి కాదనవచ్చును. ఆ బాధ్యత సోషల్ వర్కర్లకే ప్రత్యేకం. 2007లో చట్టాన్ని సవరించి ఆ పాత్రను నర్సులకు, మనస్తత్వ నిపుణులకు కూడా తెరిచారు. మనవారు దరఖాస్తును కుటుంబం దగ్గరే ఉంచి, పరీక్షలో మాత్రం సోషల్ వర్కర్‌కు చోటు ఇచ్చారు. మన కుటుంబాల తీరుకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. కాని రోగిని కనిపెట్టుకుని ఉండేవారు, పరీక్షించేవారు వేర్వేరు మనుషులుగా ఉంటే మంచిది.

అందుకు తగినంత మంది ఉండాలి గదా. నిమ్హాన్స్ వారు నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చడానికి చట్టం ప్రభుత్వాలకు ఇచ్చిన గడువు పది సంవత్సరాలు, అంటే 2028. ఇంతలో విశ్వవిద్యాలయాలలో ఎం.ఫిల్. పట్టాన్నే 2022లో రద్దు చేశారు. చట్టంలోని నిర్వచనం ఆ పట్టం మీదనే నిలబడి ఉన్నదని తెలిసిన తరువాత, ఈ కోర్సుకు 2025–26 విద్యాసంవత్సరం వరకు మినహాయింపు ఇవ్వవలసి వచ్చినది. డ్రాయింగులో ఒక బోల్టు సైజు నిర్ణయించి, ఆ బోల్టు తయారుచేసే యంత్రాన్ని అమ్మివేసినట్లున్నది. జిల్లాలలో ఎం.ఎస్.డబ్ల్యు. చదివి ఏళ్ళ తరబడి ఈ పనే చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. నిర్వచనం వారిని గడప బయట నిలబెట్టినది. వారికి శిక్షణ ఇచ్చి లోపలికి తెచ్చే మార్గం తెరవాలని నా మనవి.

మన ఉద్యోగులు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలలో మానసిక వ్యాధి ఒకటి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరొక పని చూపాలి. ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఈ నిబంధన క్రిందకు వస్తాయి. 1995 నాటి చట్టంలోనే ఈ రక్షణ మొదలైనది. మా ఫిట్టరుకు అప్పటికి అది లేదు, కొలత పరికరాల గది మాత్రం దొరికినది. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధికి కూడా ఆరోగ్య బీమా ఇవ్వాలని 2017 చట్టం ఆదేశించినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి ఆదుకోవాలే గాని శిక్షించరాదని కూడా చెప్పినది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చును, ఖర్చు లేదు. ఇంట్లో ఫోను పక్కన వ్రాసి ఉంచుకోండి. వెల్ఫేర్ ఆఫీసరు గదికి వెళ్ళడం నామోషీ అనుకునే రోజులు మన దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు. సంకోచించకుండా వెళ్ళండి.

రిటైరైన మరుసటి ఏడాది ఆయన మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగిన తరువాత జేబులో నుంచి మడతపెట్టిన కాగితం తీశారు. ఆసుపత్రిలో ఇప్పుడున్న సోషల్ వర్కర్ చెప్పగా ముందస్తు ఆదేశపత్రానికి చిత్తు వ్రాసుకున్నారట. అది ఆ పాత అమ్మాయి కాదు, వేరొక అబ్బాయి. “మీరు ఒకసారి చూసి తప్పులు దిద్దండి సార్” అన్నారు.

ఫిట్టరు వ్రాత, అక్షరాలు కొలిచి చెక్కినట్లున్నవి. ప్రతినిధిగా మొదట కూతురి పేరు, ఆ తరువాత భార్య పేరు. నా పేరు లేదు. ఉండాలని నేనూ కోరుకోలేదు. క్రింద, చేయవలసిన చికిత్స అన్న శీర్షికలో ఏ మందు తనకు పడుతుందో, ఏది పడదో వ్రాశారు. నాలుగవ అంశం ఇది: ‘నన్ను ఆసుపత్రికి తీసుకుని వెళ్ళునప్పుడు ఎక్కడికి తీసుకుని వెళ్ళుచున్నారో నాకు చెప్పి తీసుకుని వెళ్ళవలెను. నేను రాననిననూ చెప్పవలెను.’

చాలాసేపు కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆయన కిటికీలో నుంచి మా పెరటి కొళాయి వైపు చూస్తున్నారు. చివరకు “ఆ రోజు నేను...” అని మొదలుపెట్టాను.

“చెబితే జీపు ఎక్కేవాణ్ణి కాదేమో సార్. అది నాకూ తెలుసు” అన్నారు ఆయన. “అయినా రాశాను.”

రెండు చోట్ల ఒత్తులు దిద్ది కాగితం తిరిగి ఇచ్చాను. వెళుతూ వెళుతూ, కొళాయి వాషరు అరిగినదని, రేపు వచ్చి మారుస్తానని చెప్పి వెళ్ళారు.